‘బాగానే ఉన్నాడు కదా’ అని ఇంట్లో ఉంచకండి
(డాక్టరమ్మ జవాబులు)

ఈ నెల మీరు పంపిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. పిల్లలకు మందు ఎక్కువ పడటం, పురుగుల మందు ఒంటికి తగలడం, ఇంట్లో ఎవరో ఏదో మింగేయడం. అందుకే షుగర్, థైరాయిడ్ ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక పెద్ద సర్కారు ఆసుపత్రి క్యాజువాలిటీలో చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు అంబర్‌పేటలో చిన్న క్లినిక్ నడుపుతున్నాను. ఆ క్యాజువాలిటీ గుమ్మం దగ్గర కుటుంబాలకు చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఉత్తరాల్లో మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: మా బాబుకు రెండేళ్లు, 12 కిలోలు ఉంటాడు. పోయిన నెల జ్వరం వస్తే మా అత్తయ్యగారు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పారాసిటమాల్ 5 ఎం.ఎల్. చొప్పున పోశారు. ఎప్పుడూ వాడే సిరప్ దొరక్క మెడికల్ షాపువాళ్లు డ్రాప్స్ ఇచ్చారట. రాత్రి కొత్త సీసా ఖాళీగా కనిపించాక గానీ నాకు తెలియలేదు. బాబు మామూలుగానే ఆడుకుంటున్నాడు. అయినా భయమేసి ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండు రోజులు సెలైన్‌లో ఏదో మందు ఎక్కించి, రక్తపరీక్షలు చేసి పంపించారు. ‘ఏమీ కాని పిల్లాణ్ని పట్టుకెళ్లి బిల్లు కట్టొచ్చావు’ అని మా ఆయన అంటున్నారు. నేను చేసింది తప్పా?
— ఒక తల్లి, ఉప్పల్

జవాబు: తప్పు కాదమ్మా, చేయాల్సిన పనే చేశారు. ఈ పేజీ మీ వారికి కూడా చూపించండి.

లెక్క చూద్దాం. పిల్లల సిరప్‌లో మామూలుగా 5 ఎం.ఎల్.కు 125 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. డ్రాప్స్‌లో అయితే ఒక్క ఎం.ఎల్.లోనే 100 మిల్లీగ్రాములు. అంటే 5 ఎం.ఎల్. డ్రాప్స్ పోస్తే లోపలికి 500 వెళ్లినట్టు. మూడుసార్లకు 1500. మీ బాబు బరువుకు ఒక్కసారికి ఇవ్వాల్సింది 120 నుంచి 180, రోజు మొత్తం మీద 720 దాటకూడదు. దానికి రెండింతలు పడింది. పైగా జ్వరం వచ్చిన పిల్లలు సరిగా తినరు. ఖాళీ కడుపుతో ఉన్న పిల్లల లివర్ ఈ మందును మామూలుగా తట్టుకున్నంత తట్టుకోలేదు.

‘ఆడుకుంటున్నాడు కదా’ అన్నమాట దగ్గరే ఎంతోమంది మోసపోతారు. పారాసిటమాల్ ఎక్కువైన మనిషికి మొదటి రోజు దాదాపు ఏమీ ఉండదు. కాస్త వికారం, ఒకటి రెండు వాంతులు, అంతే. ఆ సమయంలోనే లివర్ లోపల దెబ్బ తింటూ ఉంటుంది. ఈ మందు విరిగేటప్పుడు కొద్దిగా విషపదార్థం తయారవుతుంది. మామూలు మోతాదులో దాన్ని గ్లూటాథయోన్ అనే పదార్థం ఎప్పటికప్పుడు అణిచేస్తుంది. మోతాదు పెరిగితే ఆ నిల్వ అయిపోతుంది. రెండో రోజు కుడివైపు డొక్కలో నొప్పి, మూడో నాలుగో రోజుకు కామెర్లు, మగత, రక్తం గడ్డకట్టకపోవడం. అప్పుడు పరుగెత్తుకొస్తే మా చేతుల్లో ఉండేది తక్కువ.

మీ బాబుకు ఎక్కించినది ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అయి ఉంటుంది. సీసా మూత తీయగానే కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది, వార్డులో ఎవరికి పెడుతున్నారో ఆ వాసనతోనే తెలిసిపోయేది. ఖాళీ అయిన గ్లూటాథయోన్‌ను తిరిగి నింపే మందు అది. ఒక్కసారిగా ఎక్కువ మింగినవారికి 8 గంటల లోపు మొదలుపెడితే లివర్‌ను దాదాపు పూర్తిగా కాపాడుతుంది. వాళ్లకైతే మింగిన 4 గంటల తర్వాత రక్తంలో మందు ఎంత ఉందో చూసి, చార్టు ప్రకారం ఇవ్వాలా వద్దా తేలుస్తాం. మీ బాబులా విడతలుగా పడినప్పుడు ఆ చార్టు పనికిరాదు. అందుకే లివర్ పరీక్షలు మళ్లీ మళ్లీ చేసి ఉంటారు. రెండు రోజులు ఉంచడం అతి జాగ్రత్త కాదు.

అత్తయ్యగారిని ఏమీ అనకండి. డబ్బా మీద పేరు అదే, బొమ్మ అదే. తేడా చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘ప్రతి 5 ఎం.ఎల్.లో’ అని ఉందా, ‘ప్రతి ఎం.ఎల్.లో’ అని ఉందా చూసి, ఇవ్వాల్సిన కొలతను పెద్ద అక్షరాలతో సీసా మీద రాసి అంటించండి. డ్రాప్స్‌తో వచ్చిన డ్రాపర్‌ను దానికే వాడాలి. పెద్దవాళ్లకు కూడా ఒక మాట. జలుబు బిళ్లల్లో, ఒళ్లునొప్పుల బిళ్లల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరానికి 650 బిళ్ల వేసుకుంటూ, దాని మీద ఇవి కూడా వేసుకునేవాళ్లను క్లినిక్‌లో తరచూ చూస్తాను.

ప్రశ్న: నేను ఎల్బీనగర్‌లో ఉంటాను. ఊళ్లో మా నాన్న పత్తికి మందు కొట్టి ఇంటికొచ్చి వాంతులు చేసుకున్నాడు. ఒళ్లంతా చెమట, నోట్లోంచి నురగ, కళ్లు మసకలు. ఆర్‌ఎంపీ డాక్టర్ ఒక ఇంజెక్షన్ ఇస్తే కొంచెం తేరుకున్నాడు. హైదరాబాద్ తెచ్చి ఐసీయూలో చేర్పించాం. రెండో రోజు బాగా మాట్లాడాడు, ఇంటికి పోదామన్నాడు. మూడో రోజు తల ఎత్తలేకపోయాడు. సాయంత్రానికి వెంటిలేటర్ పెట్టారు. బాగైన మనిషి అట్లా ఎందుకయ్యాడు? ఆసుపత్రిలో ఏమన్నా తేడా చేశారా?
— ఒక కొడుకు

జవాబు: బాబూ, మీరు రాసినదాన్ని బట్టి ఇది ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుల మందు. మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. మూడో రోజు అలా కావడం ఈ విషంలోనే ఉంది, దానికి వైద్యంలో తేడానే జరిగి ఉండాలని లేదు.

నరం నుంచి కండరానికి, గ్రంథులకు కబురు వెళ్లాక ఆ కబురును ఆపే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. ఈ మందు ఆ ఎంజైమ్‌ను కట్టేస్తుంది. దాంతో కబురు ఆగదు. మనిషి అన్ని వైపుల నుంచీ తడిసిపోతాడు. చెమట, చొంగ, కన్నీళ్లు, విరేచనాలు, తెలియకుండా మూత్రం. అన్నింటికంటే ప్రమాదం ఊపిరితిత్తుల్లో ఊరే నీరు. కంటిపాప గుండుసూది తలంత అవుతుంది. చొక్కా తీసి ఛాతీ మీద చూస్తే చర్మం కింద కండరాలు పురుగులు పాకినట్టు అదురుతుంటాయి. చాలా మందులకు వెల్లుల్లిలాంటి ఘాటు వాసన కూడా ఉంటుంది.

ఆ తడిని ఆరబెట్టేది అట్రోపిన్. మన దగ్గర 0.6 మిల్లీగ్రాముల ఆంపుల్స్‌లో వస్తుంది. కొన్ని ఇచ్చి, ఐదు నిమిషాలకు ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి, గురగుర తగ్గకపోతే రెట్టింపు ఇవ్వాలి, మళ్లీ రెట్టింపు. ఒక సిస్టర్ ఆంపుల్స్ విరుస్తూ ఉంటే ఇంకొకరు ఎక్కిస్తూ ఉండేవాళ్లు, ట్రే నిండా గాజుముక్కలే. కంటిపాప పెద్దదైందని ఆపకూడదు. ఊపిరితిత్తులు తేటపడాలి, చెమట ఆరాలి, నాడి 80 దాటాలి. మోతాదు మించితే జ్వరం వచ్చి, దుప్పటి పీకుతూ ఏదేదో మాట్లాడతారు. అది చూసి పిచ్చెక్కిందని బంధువులు ఏడుస్తారు. మందు తగ్గిస్తే అదే సర్దుకుంటుంది. పామ్ అనే ఇంకో ఇంజెక్షన్ ఇస్తారు. అది ఎంత మేలు చేస్తుందన్నదాని మీద డాక్టర్లలో ఏకాభిప్రాయం లేదు. అట్రోపిన్ మీద మాత్రం ఎవరికీ అనుమానం లేదు.

అయితే అట్రోపిన్ కండరాల బలహీనతను ఆపలేదు. ఒకటో రోజుకూ నాలుగో రోజుకూ మధ్యలో కొందరికి మెడ, భుజాలు, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు నీరసిస్తాయి. తలగడ మీద నుంచి తల ఎత్తలేకపోవడం దానికి మొదటి గుర్తు. మేము రౌండ్స్‌లో రోజూ ‘తల ఎత్తండి, చూద్దాం’ అని అడిగేది అందుకే. ఆ గుర్తు పట్టి సమయానికి వెంటిలేటర్ పెట్టారంటే మీ నాన్నగారిని జాగ్రత్తగా చూస్తున్నారన్నమాట. ఒకటి రెండు వారాలు పట్టవచ్చు. ఈ బలహీనత చాలామందికి పూర్తిగా తగ్గిపోతుంది. ధైర్యంగా ఉండండి. రెండు మూడు వారాల తర్వాత కాళ్లలో తిమ్మిర్లు, బలహీనత వస్తే మాత్రం నరాల డాక్టరుకు చూపించండి.

ఆయన ఆ రోజు వేసుకున్న బట్టలు ఇంటికి తెచ్చి ఉంటే ఉతకవద్దు. రెండు కవర్లలో కట్టి పారేయండి. తోలు చెప్పులు, బెల్టు పీల్చుకున్న మందును వదలవు, అవీ పారేయాల్సిందే. పొలంలో ఎవరికైనా ఇలా అయితే ముందు బట్టలు తీసేసి, తల వెంట్రుకలతో సహా సబ్బుతో కడగాలి. కడిగేవాళ్లు చేతులకు గ్లవుజులు వేసుకోవాలి.

క్యాజువాలిటీలో పనిచేసిన రోజుల నుంచీ నా మనసులో ఉన్నమాట ఒకటి రాస్తాను. శ్రీలంకలో 1995 నుంచి అత్యంత ప్రమాదకరమైన పురుగుమందులను వరసగా నిషేధించారు. 2005కల్లా ఆ దేశంలో ఆత్మహత్యల రేటు సగానికి తగ్గింది. పంటలు ఏమీ ఆగిపోలేదు. 2013 జూలైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఇలాంటి సీసాలు బియ్యం బస్తా పక్కన ఉండే పరిస్థితి మన ఊళ్లలో పోవాలి. కనీసం తాళం వేసిన పెట్టెలో పెట్టే అలవాటు మీ ఇంటి నుంచి మొదలుపెట్టండి.

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ చూసుకుంటాను. ఒక అమ్మాయి ఎలుకల మందు మింగిందని రూమ్‌మేట్స్ మర్నాడు సాయంత్రం చెప్పారు. ‘వాంతి అయిపోయింది ఆంటీ, బాగానే ఉన్నా, మా ఇంట్లో చెప్పొద్దు’ అని కాళ్లు పట్టుకుంది. వినకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఐదారు రోజులు ఉంచాలన్నారు. అమ్మానాన్నలేమో పోలీసు కేసవుతుందని భయపడి, పిల్ల బాగానే ఉంది కదా, తీసుకుపోతాం అంటున్నారు. ఏం చెప్పాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం సగం చదివేసరికి నాకు టెన్షన్ వచ్చింది. తీసుకెళ్లానని రాసిన వాక్యం దగ్గర ఊపిరి పీల్చుకున్నాను. ఉత్తరం అందిన రోజే మీకు ఫోన్ చేసి చెప్పిన సంగతులే ఇక్కడ మిగతావారి కోసం రాస్తున్నాను.

ఎలుకల మందుల్లో ట్యూబులో వచ్చే పేస్టులో పసుపు భాస్వరం ఉంటుంది. మొదటి రోజు వాంతులు, కడుపులో మంట. తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి పూర్తిగా మామూలుగా కనిపిస్తుంది. తింటుంది, నవ్వుతుంది, ఇంటికి పంపండి అంటుంది. ఆ తర్వాత కామెర్లు మొదలవుతాయి. దీనికి విరుగుడు లేదు. అందుకే రోజూ లివర్ పరీక్ష, రక్తం గడ్డకట్టే పరీక్ష చేస్తూ, అంకెలు మారిన వెంటనే పెద్ద వైద్యానికి పంపడమే మార్గం. కొన్ని కేంద్రాల్లో ప్లాస్మా మార్పిడి చేస్తారు. కేకులా వచ్చే రకాలు వేరు. వాటిలో ఎక్కువ భాగం రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. అవి కూడా రెండో రోజు తర్వాతే బయటపడతాయి. వాటికి విటమిన్ కె ఉంది, వారాల తరబడి ఇవ్వాల్సి రావచ్చు. కాబట్టి ఖాళీ ట్యూబు, కవరు చెత్తబుట్టలో ఉన్నా సరే వెతికి డాక్టరు చేతిలో పెట్టండి. దాన్నిబట్టి వైద్యమే మారిపోతుంది. ఇప్పుడు ఆ పిల్లను డిశ్చార్జి చేయించడం అంటే సరిగ్గా ప్రమాదం వచ్చే రోజున ఆసుపత్రికి దూరంగా ఉంచడం. ఇదే మాట ఆ తల్లిదండ్రులకు చెప్పండి.

పోలీసుల సంగతి. ఇలాంటి కేసుల్లో ఆసుపత్రి ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసు) అని రాసి స్టేషన్‌కు తెలియజేస్తుంది, వాళ్లు వచ్చి వాంగ్మూలం తీసుకుంటారు. అది పద్ధతి, శిక్ష కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. అలాంటివారికి వైద్యం, ఆసరా ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. పోలీసు కాగితాలు అయ్యేదాకా చూడం అని ఏ ఆసుపత్రీ అనడానికి వీల్లేదు. ముందు వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

ఆ అమ్మాయి మీ కాళ్లు పట్టుకున్నది పోలీసుల భయంతో కాదు, ఇంట్లో ఏమంటారోనని. అమ్మానాన్నలను ‘ఎందుకు చేశావు, మా పరువు తీశావు’ అని అడగనివ్వకండి. పక్కన కూర్చుని చేయి పట్టుకుంటే చాలు. మళ్లీ అలాంటి ఆలోచన వస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగవచ్చు. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు, అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తే మనసు తేలికపడుతుంది. డిశ్చార్జి లోపు సైకియాట్రిస్టు చూసేలా అడగండి. టెలిమానస్ 14416కు ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఈ పేజీ చదువుతున్నవాళ్లలో ఎవరికైనా బతుకు భారంగా ఉంటే, దయచేసి ఈ రోజే ఆ నంబరుకు చేయండి, లేదా పక్కనున్న ఒక్కరికైనా చెప్పండి.

ప్రశ్న: బాత్‌రూమ్ యాసిడ్, కిరోసిన్, ఫినాయిల్ లాంటివి పిల్లలు తాగితే ఉప్పునీళ్లు పోసి కక్కించాలంటారు. నిజమేనా?
— మూసాపేట

జవాబు: వద్దు, వద్దు. యాసిడ్ దిగేటప్పుడు గొంతును ఒకసారి కాలుస్తుంది, కక్కిస్తే పైకొచ్చేటప్పుడు రెండోసారి. కిరోసిన్, థిన్నర్ కడుపులో చేసే హాని తక్కువ. వాంతిలో ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. ఉప్పునీళ్లే పిల్లల రక్తంలో సోడియం పెంచి ప్రాణం తీయగలవు. చింతపండు రసం, పేడనీళ్లు, సబ్బునీళ్లు, గొంతులో వేలు పెట్టడం, అన్నీ మానేయండి. నోరు తుడవండి, సీసా పట్టుకోండి, 108కి చేయండి. ఆ సర్వీసు 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. పిల్లలైతే నిలోఫర్, పెద్దలైతే గాంధీ, ఉస్మానియా, లేదా దగ్గర్లో ఐసీయూ ఉన్న ఏ ఆసుపత్రైనా. దారిలో ఢిల్లీ ఎయిమ్స్ విషసమాచార కేంద్రం 1800 116 117కు చేసి సీసా మీద పేరు చదివి వినిపించవచ్చు. ఇక కూల్‌డ్రింక్ సీసాలో యాసిడ్ పోసి పెట్టడం ఇవాళే ఆపేయండి.

ప్రశ్న: మా మామయ్యగారు 30 ఏళ్లుగా రోజూ కల్లు కాంపౌండ్‌కు వెళ్తారు. మొన్న అధికారులు దాన్ని మూసేశారు. మూడో రోజు చేతులు వణికి, గోడతో మాట్లాడి, ఫిట్స్ వచ్చాయి. కల్లు మానితే బాగుపడాలి కదా?
— బోరబండ

జవాబు: చెట్టు నుంచి దించిన కల్లయితే ఇంత కాదమ్మా. నగరంలో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కేసులు ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. అవి నిద్రమాత్రల మందులు. మెదడు వాటికి అలవాటు పడ్డాక ఒక్కసారిగా ఆపితే ఇలా ఎదురుతిరుగుతుంది. ఆయనను మళ్లీ కల్లుకు పంపకండి, ఇంట్లో కట్టిపడేయకండి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో చేర్పిస్తే అదే జాతి మందును కొలత ప్రకారం ఇచ్చి, మెల్లగా తగ్గిస్తారు.

ఇలాంటి కల్లు ఎక్కువైతే ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. మాట ముద్దగా, నడక తూలుతూ, ఆపై లేపినా లేవని నిద్ర. అప్పుడు మజ్జిగ, నిమ్మరసం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, వాచీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి పది కంటే తక్కువైనా, గుర్రుమని ఆగి ఆగి వస్తున్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108. దీనికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్నా, రోజూ అలవాటున్నవాళ్లకు ఇస్తే ఫిట్స్ రావచ్చు. డాక్టరు ఇవ్వలేదని గొడవ పడకండి. ఊపిరి నిలబెడితే మనిషి నిలబడతాడు.

క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడే పెద్దవాళ్లుంటే వాళ్లకు మోతాదు ఎక్కువైనా ఇలాగే ఊపిరి తగ్గుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. దానికి నలాక్సోన్ నిమిషాల్లో పనిచేస్తుంది. పురుగుల మందులో కూడా కంటిపాప చిన్నదే, కానీ అక్కడ ఒళ్లంతా తడి, ఇక్కడ పొడి.

ప్రశ్న: శివరాత్రికి తెచ్చిన ఉమ్మెత్త కాయలు కోసి మా అక్క కొడుకు గింజలు తిన్నాడు. ఒళ్లు కాలిపోతూ, మొహం ఎర్రబడి, గాల్లో ఏదో ఏరుతూ తల్లిని గుర్తుపట్టలేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. మూడో రోజుకు తగ్గింది. నిజంగా గాలేనా?
— అల్వాల్

జవాబు: కాదు. ఉమ్మెత్త గింజల విషం సరిగ్గా ఇలాగే ఉంటుంది. కంటిపాప బాగా పెద్దది, నోరు ఎండిపోవడం, చర్మం పొడిగా వేడిగా ఉండటం, గుండె దడ, మూత్రం బిగుసుకుపోవడం, భ్రమలు. పిల్లాడి అదృష్టం కొద్దీ దానంతట అది దిగిపోయింది. కొందరికి ఫిట్స్ వస్తాయి, జ్వరం 105 దాకా పోతుంది. ఆసుపత్రిలో ఒళ్లు చల్లబరిచి, మత్తు ఇంజెక్షన్‌తో శాంతపరిచి, మూత్రానికి ట్యూబు వేసి, గుండె మీద కన్నేసి ఉంచుతారు. పూజకు తెచ్చినవి పూజ అయ్యాక పిల్లలకు అందకుండా చూడండి. పచ్చ గన్నేరు కాయలతో ఇంకా జాగ్రత్త, అవి నేరుగా గుండె లయను దెబ్బతీస్తాయి. హారతి కర్పూరం బిళ్ల చిన్నపిల్లలు మింగితే గంట గంటన్నరలోనే ఫిట్స్ రావచ్చు.

ప్రశ్న: విషాన్ని పీల్చేసే చార్‌కోల్ బిళ్లలు మెడికల్ షాపులో ఉన్నాయట. ఇంట్లో పెట్టుకోమంటారా?
— తార్నాక

జవాబు: అక్కర్లేదండీ. గ్యాస్‌కు అమ్మే ఆ బిళ్లల్లో ఉండేది చాలా తక్కువ. ఆసుపత్రిలో పిల్లలకు కిలో బరువుకు ఒక గ్రాము, పెద్దలకు 50 గ్రాముల దాకా పొడిని నీళ్లలో కలిపి నల్లటి జావలా ఇస్తాం. అదీ మింగిన గంట లోపల, మనిషి పూర్తి స్పృహలో ఉంటేనే. యాసిడ్, కిరోసిన్‌కు అది పనికిరాదు. మగతగా ఉన్నవారికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బిళ్లల కోసం తిరిగే సమయంలో ఆసుపత్రికి చేరిపోవచ్చు. వచ్చేటప్పుడు ఖాళీ షీట్లు, సీసా, వాంతి పడిన గిన్నె ఏది దొరికితే అది తీసుకురండి. ఎన్ని గంటలకు మింగారో ఒక చీటీ మీద రాసి తెండి.